అమెరికాలో తెలుగు ఇల్లు, పర్యావరణ ఉద్యమం: అపోహలు - వాస్తవాలు

శాన్ ఫ్రాన్సిస్కోకు దగ్గరలోని రిచ్‌మండ్‌లో, చమురు శుద్ధి కర్మాగారం పక్కన బతికే కుటుంబాలతో పనిచేస్తున్నాను. "మా అమ్మాయి పర్యావరణ ఉద్యమంలోకి వెళ్తానంటోంది, ఆపాలా వద్దా?" అని అడిగే తెలుగు తల్లిదండ్రులు ఎక్కువయ్యారు. ఇంట్లో ఎలా ఒప్పించాలని పిల్లలూ అడుగుతున్నారు. ఇది ఇద్దరి కోసం.

అపోహ: ఉద్యమమంటే ధర్నాలు, అరెస్టులు.

వాస్తవం: నా సమయంలో ఎక్కువ భాగం కాగితాలు చదవడంలోనే పోతుంది. పెద్ద కర్మాగారాల వాయు కాలుష్య అనుమతులను ఐదేళ్లకోసారి పునరుద్ధరించాలి. అనుమతి ముసాయిదాపై ప్రజల అభ్యంతరాలకు కనీసం 30 రోజుల గడువివ్వాలి. ఆ వందల పేజీల్లో మేం వెతికేది ఒకటే: ఏ పొగగొట్టం దగ్గర ఏ వాయువును ఎన్నాళ్లకోసారి కొలుస్తున్నారు? కొలతే లేకపోతే పరిమితి కాగితం మీదే మిగిలిపోతుంది. కెమికల్ ఇంజనీరింగ్ చదివిన పిల్లలు ఈ లోపాన్ని ఇట్టే పట్టేస్తారు. చదువు వృథా అయిందని బాధపడే నాన్నలకు ఆ పేజీలు చూపించండి.

అపోహ: వీసా మీద ఉన్నవాళ్లు నోరు విప్పకూడదు.

వాస్తవం: అమెరికా రాజ్యాంగంలోని వాక్ స్వాతంత్ర్యం పౌరులకే పరిమితం కాదు. ఇలాంటి అనుమతులపై జరిగే బహిరంగ విచారణలో మాట్లాడవచ్చు, అభ్యంతరం రాసి పంపవచ్చు. కానీ పెద్దవాళ్ల భయం ఊరికే పుట్టింది కాదు. 2025లో నిరసనల్లో పాల్గొన్న కొందరు విదేశీ విద్యార్థుల వీసాలు రద్దయ్యాయి. పౌరసత్వ దరఖాస్తులో పాత అరెస్టులను, కొట్టేసిన కేసులను కూడా చెప్పాలి. హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల భార్యాభర్తలకు, పిల్లలకు ఇచ్చే వీసా) మీద పెరిగిన పిల్లలకు 21 ఏళ్లు నిండితే ఆ హోదా పోతుంది. అందుకే రోడ్డుకు అడ్డంగా కూర్చునే పని పౌరసత్వం ఉన్నవాళ్లకు వదిలేయమని గట్టిగా చెబుతాను. వెనుక ఉండి చేసే పని తక్కువదేమీ కాదు. సందేహముంటే ఇమ్మిగ్రేషన్ లాయరును ముందే అడగండి.

అపోహ: ఇందులో డబ్బుండదు.

వాస్తవం: సాఫ్ట్‌వేర్ జీతం రాదు, ఆ మాట ఇంట్లో దాచకండి. చెల్లెలి పెళ్లికి, ఊళ్లో అప్పుకు నెలకు ఎంత పంపగలరో అంకెతో చెప్పండి. చదువు కోసం ఫెడరల్ రుణం తీసుకున్న పౌరులకు, గ్రీన్‌కార్డుదారులకు ఒక వెసులుబాటుంది: ప్రభుత్వంలోనో, అర్హతున్న లాభాపేక్షలేని సంస్థలోనో పూర్తికాలం పనిచేస్తూ నిబంధనల ప్రకారం 120 వాయిదాలు కడితే మిగతాది మాఫీ అవుతుంది.

అపోహ: మన పెద్దవాళ్లకు పర్యావరణం పట్టదు.

వాస్తవం: నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే మాట ఇది. నల్గొండలో ఫ్లోరైడ్ నీళ్లకు కాళ్లు వంకర్లు పోయినవాళ్ల మధ్య పెరిగినవాళ్లున్నారు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో బంధువులను పోగొట్టుకున్నవాళ్లున్నారు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకైనప్పుడు, ఇక్కడి నుంచి అయినవాళ్లకు ఫోన్ల మీద ఫోన్లు చేసినవాళ్లున్నారు. వాళ్లకు వాతావరణ మార్పు గురించి పాఠం చెప్పకండి. వాళ్ల ఊరి నీళ్ల గురించి అడిగి, వినండి.

అపోహ: ఇల్లా, ఉద్యమమా, ఏదో ఒకటే.

వాస్తవం: 1999లో రిచ్‌మండ్ రిఫైనరీలో పేలుడు జరిగినప్పుడు, ఇంగ్లీషులో వచ్చిన హెచ్చరికలు లావోస్ నుంచి శరణార్థులుగా వచ్చిన చాలామందికి అర్థం కాలేదు. ఆ కుటుంబాల్లోని పెద్దలు, పిల్లలు కలిసి పోరాడి, తమ భాషల్లో ఫోన్ హెచ్చరికలు వచ్చేలా చేసుకున్నారు. మన ఇళ్లలోనూ ఇది సాధ్యమే. ఈసారి బహిరంగ విచారణకు అమ్మానాన్నలను తీసుకురండి. తెలుగు దుబాసీ కావాలని నిర్వాహకులకు ముందుగానే రాయండి. మాట్లాడేవాళ్ల జాబితాలో మీ పేరు కింద వాళ్ల పేరు కూడా రాయించండి.