పాత ఐస్ హాకీ స్టిక్‌లు: అపోహలు – వాస్తవాలు

అమెరికా, కెనడా కాలేజీ జట్లు తొలిరోజుల్లో వాడిన ఐస్ హాకీ స్టిక్‌లు సేకరిస్తుంటాను. కొత్తగా ఇందులోకి వచ్చినవాళ్లు ముందు స్టిక్‌కు కట్టిన చీటీ చదువుతారు. ముందు చూడాల్సింది చెక్కని.

అపోహ: వంకర తిరిగిన పాత కర్ర అయితే ఐస్ హాకీదే.

1890ల మధ్య వరకూ అమెరికా కాలేజీల కుర్రాళ్లు మంచు మీద ఎక్కువగా ఆడింది ఐస్ పోలో. దానికి పక్ (ఐస్ హాకీలో వాడే చదునైన గుండ్రటి బిళ్ల) కాదు, బంతి. స్టిక్‌లూ పొట్టివి. అమెరికాలో కాలేజీల మధ్య తొలి హాకీ మ్యాచ్‌గా సాధారణంగా చెప్పేది 1896 ఫిబ్రవరిలో యేల్, జాన్స్ హాప్‌కిన్స్ ఆడినది. హార్వర్డ్ 1898 జనవరి 19న బ్రౌన్ చేతిలో 6-0తో ఓడింది. అందుకే ‘1885 హార్వర్డ్ హాకీ స్టిక్’ అని ఎవరైనా అమ్మజూపితే నేను నమ్మను. కెనడా లెక్క వేరు. అక్కడ మెక్‌గిల్ యూనివర్సిటీ క్లబ్ 1877లోనే మొదలైంది. కింగ్‌స్టన్‌లో క్వీన్స్ యూనివర్సిటీ, రాయల్ మిలిటరీ కాలేజీ 1886లోనే తలపడ్డాయి.

ఫీల్డ్ హాకీ స్టిక్‌లు కూడా ఈ పేరుతో అమ్ముడుపోతుంటాయి. మన దగ్గర హాకీ ఆడినవాళ్లకు ఇది పట్టుకోవడం తేలిక: దానికి ఒకవైపే చదును, రెండోవైపు గుండ్రం. ఐస్ హాకీ బ్లేడు, అంటే పక్‌ను కొట్టే కింది భాగం, రెండువైపులా చదునే. పిడిలో బెత్తం కనిపించిందా, ఇక ఆలోచించక్కర్లేదు, అది ఫీల్డ్ హాకీదే.

అపోహ: అతుకు ఉంటే చేతిపని, కాబట్టి పాతది.

సరిగ్గా తిరగేసి చెప్పే మాట ఇది. బ్లేడు విడిగా చేసి అతికించడం 1920ల చివర్లో ఊపందుకుంది. అంతకుముందువి చాలావరకు ఒకే చెక్కతో చేసినవి. నోవా స్కోషియాలో మిగ్మా తెగ పనివాళ్లు హార్న్‌బీమ్ చెట్టును, తర్వాత యెల్లో బర్చ్ చెట్టును, వేరు దగ్గర సహజంగా వంగిన చోట చూసి చెక్కేవారు. అక్కడి డార్ట్‌మత్ పట్టణంలోని స్టార్ కంపెనీ ‘మిక్‌మాక్’ పేరుతో అలాంటివి అమ్మింది. స్టిక్‌ను కిటికీ వెలుతురులో పట్టుకుని, పిడి బ్లేడుగా మారే మలుపు దగ్గర చూడండి. చెక్క చారలు తెగకుండా మలుపుతోపాటే తిరిగి బ్లేడు కొసదాకా పోవాలి. తిన్నగా వచ్చి అక్కడ తెగిపోతే అది పలకలోంచి కోసిన ముక్క. గట్టిగా నాలుగు దెబ్బలు కొడితే విరిగేది.

అపోహ: రుద్ది, పాలిష్ పెడితే ధర పెరుగుతుంది.

దయచేసి సాండ్ పేపర్ ముట్టుకోకండి. పక్ తగిలిన నల్లమరకలు, టేపు జిగురు, అరిగిన బ్లేడు అంచు, తయారీదారు ముద్ర, అన్నీ ఆట జరిగిందనడానికి సాక్ష్యాలే. మెత్తటి పొడిబట్టతో దుమ్ము తుడవండి, చాలు.

అపోహ: పాతదైతే లక్షలే.

1830ల నాటి మోఫట్ స్టిక్‌ను 2015లో కెనడా చరిత్ర మ్యూజియం 3 లక్షల కెనడియన్ డాలర్లకు కొన్నమాట నిజమే. కానీ ఆ చెక్క వలయాలను పరీక్షించారు, దాని మీద చెక్కిన పొడి అక్షరాలు ఎవరివో తేలింది. కాలేజీ స్టిక్‌కూ అలాంటి ఆధారమే కావాలి: రంగుతో రాసిన స్కోరు, ఆటగాడి పేరు, లేదంటే స్టిక్ మీదున్న రంగు పట్టీలే కనిపించే జట్టు ఫోటో. ఇవేవీ లేకపోతే మంచి పాత స్టిక్ అనుకునే ధర కట్టండి, కాలేజీ పేరుకు అదనంగా ఇవ్వకండి.