అంటించలేని ఆఖరి మొత్తం

ఐదు రూపాయల స్టాంపులు, ఎనిమిది రూపాయల స్టాంపులు కావలసినన్ని ఉన్నాయి. వాటితో సరిగ్గా కూర్చలేని అతి పెద్ద మొత్తం ఎంతని ఒక ఇంటర్ కుర్రాడు అడిగాడు. జవాబు 27. కోచింగుల్లో అయితే రెండింటినీ గుణించి, అందులోంచి రెండింటినీ తీసెయ్యమని చెప్పి తర్వాతి లెక్కకు వెళ్లిపోతారు. ఎందుకో చెప్పరు. మజా అంతా ఆ ఎందుకులోనే ఉంది.

సున్నా నుంచి అంకెలను అడ్డవరసకు ఐదు చొప్పున రాయండి. ఒక నిలువు వరసలో ఏదైనా మొత్తం కుదిరితే దాని కిందివన్నీ కుదిరినట్టే, ఒక్కో ఐదు రూపాయల స్టాంపు చేర్చుకుంటూ దిగడమే. ఇక ఒక్కో వరస తలుపు ఎక్కడ తెరుచుకుంటుందో చూడాలి. తాళంచెవి ఎనిమిదో ఎక్కం. 0 తన వరసను తెరుస్తుంది. 8 వెళ్లి 3తో మొదలయ్యే వరసను, 16 వచ్చి 1 వరసను, 24 వెళ్లి 4 వరసను తెరుస్తాయి. ఆఖరున 32తో 2 వరస తెరుచుకుంటుంది. 32 నెత్తిన ఉన్నదే 27. (4, 6 స్టాంపులైతే ఇది సాగదు, బేసి మొత్తాల తలుపులు ఎప్పటికీ తెరుచుకోవు.)

కుదరనివి మొత్తం ఎన్ని? 1884లో ఇంగ్లండులో గణితవేత్త సిల్వెస్టర్ 'ఎడ్యుకేషనల్ టైమ్స్' పత్రికలో వేసిన ప్రశ్న ఇదే. ఏ సంఖ్యనైనా (దాన్ని n అందాం) 5x + 8y గా, y విలువ 0 నుంచి 4 లోపే ఉండేలా ఒకే ఒక్క రకంగా రాయొచ్చు. x రుణసంఖ్య కాకపోతే ఆ మొత్తం కుదురుతుంది. ఇప్పుడు 27లోంచి దాన్ని తీసెయ్యండి. వచ్చేది 5(-1-x) + 8(4-y). x సున్నా గానీ ధన గానీ అయితే -1-x రుణం, x రుణమైతే -1-x రుణం కాదు. అంటే n, 27-n జంటలో కచ్చితంగా ఒకటే కుదురుతుంది! 13 కుదిరింది కాబట్టి 14 కుదరదు. 0 నుంచి 27 దాకా 28 సంఖ్యలు, కుదరనివి 14.

మన చదివింపుల 116కి ఢోకా లేదు, దాన్ని మూడు రకాలుగా అంటించొచ్చు. శుభమనుకునే 7కి మాత్రం ఆ యోగం లేదు.

మూడు రకాల స్టాంపులైతే? వాటన్నిటికీ పనిచేసే బహుపది సూత్రం (కూడికలు, తీసివేతలు, గుణకారాలతోనే నడిచేది) లేదని 1990లో గణితవేత్త కర్టిస్ రుజువు చేశాడు. మన నిలువు వరసలకు ఆ బెంగ లేదు. 6, 9, 20 తీసుకుని ఆరు వరసలు గీయండి. 0, 9, 20, 29, 40, 49 దగ్గర తలుపులు తెరుచుకుంటాయి. 49 మీద ఉన్నది 43.