మేనమామ జ్ఞానతండ్రి కాకూడదా?

గుంటూరు కతోలిక ఇళ్లలో బిడ్డకు జ్ఞానస్నానం (బాప్తిస్మం) అనుకోగానే జ్ఞానతండ్రిగా, అంటే గాడ్‌ఫాదర్‌గా, ముందు వినిపించే పేరు చాలాసార్లు మేనమామదే. చెవులు కుట్టించేటప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకునేది ఆయనే కదా, ఇదీ ఆయన హక్కే అనుకుంటారు. తల్లి పుట్టిల్లు లూథరన్ అయితేనే చిక్కు. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్ గుంటూరు వచ్చి మిషన్ మొదలుపెట్టాక ఇక్కడ లూథరన్ కుటుంబాలు పెరిగాయి. ఫిరంగిపురం, రెంటచింతల వైపు నుంచి వచ్చిన ఆర్‌సీఎం (రోమన్ కతోలిక) కుటుంబాలతో వియ్యాలూ కలుస్తుంటాయి. "ఆయన జ్ఞానతండ్రిగా కుదరదమ్మా, సాక్షిగా నిలబడొచ్చు" అని ఫాదర్ గారు చెప్పగానే ఇంట్లో టెన్షన్ మొదలు. "మా అన్నయ్య క్రైస్తవుడు కాదా ఫాదర్?" అని అడిగే తల్లి బాధ నిజమైనది. ఆమెకు జవాబు చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

తొలి శతాబ్దాల్లో సంఘంలో చేరడానికి వచ్చేవాళ్లలో పెద్దవాళ్లే ఎక్కువ. హింసల కాలం అది. వచ్చినవాడు విశ్వాసంతో వచ్చాడో, పట్టించడానికి వచ్చాడో తెలిసేదెలా? అందుకే ఒక విశ్వాసి వెంట వచ్చి "ఇతని నడత నాకు తెలుసు" అని చెప్పాలి. ఆ మనిషికి లాటిన్‌లో వాడిన మాటకు పూచీ పడేవాడు అని అర్థం. మన వాడుకలో జామీను. నేటి జ్ఞానతండ్రికి మూలం ఈ జామీనుదారే. సుమారు 200వ సంవత్సరంలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌కు చెందిన క్రైస్తవ రచయిత టెర్టూలియన్, పసిపిల్లలకు తొందరపడి బాప్తిస్మం ఇవ్వొద్దని వాదిస్తూ ఈ జామీనుదారుల గురించే బెంగపడ్డాడు. వాళ్లు చనిపోతే? మాట నిలుపుకోలేకపోతే? బిడ్డ చెడుదారి పడితే? అంత బరువైన మాట ఇచ్చేవారన్నమాట. ఇప్పుడు మనం ఆ బరువును జ్ఞానతండ్రి బిడ్డ మెడలో వేసే గొలుసు తూకంతో కొలుస్తున్నాం. నాకు అదే బాధ.

పసిబిడ్డల తరఫున మొదట్లో మామూలుగా కన్నవాళ్లే జవాబు చెప్పేవారు. ఇతరులూ తెచ్చేవారని పునీత అగస్టీన్ ఒక లేఖలో రాశాడు: బానిసల పిల్లలను యజమానులు, ఎవరో వదిలేసిన పసికందులను దేవునికి అంకితమైన కన్యలు. తర్వాత కన్నవాళ్లు పక్కకు జరిగారు. 813లో జర్మనీలోని మైన్జ్‌లో జరిగిన సంఘ సభ, సొంత బిడ్డకు తల్లిదండ్రులు పూచీదారులు కాకూడదని తేల్చింది. జ్ఞానతండ్రికీ అతను పూచీ పడిన అమ్మాయికీ పెళ్లి కుదరదని జస్టీనియన్ చక్రవర్తి 530లోనే చట్టం చేశాడు. ఆ నిషేధం రానురాను రెండు వైపుల చుట్టాలకూ పాకింది. పరపతి కోసం ఎక్కువమందిని నిలబెట్టే అలవాటూ పెరిగింది. 1563లో కతోలిక సంఘపు ట్రెంట్ మహాసభ రెండింటికీ హద్దు పెట్టింది. పూచీదారు ఒక్కరు చాలు, మించితే ఒక మగ, ఒక ఆడ. ఆ లెక్కే ఇప్పటికీ నడుస్తోంది. పెళ్లి నిషేధాన్ని మాత్రం కతోలిక సంఘ చట్టమైన 1983 ధర్మశాస్త్రం తీసేసింది.

1969 నాటి కొత్త జ్ఞానస్నాన క్రమం కన్నవాళ్లను మళ్లీ ముందుకు తెచ్చింది. గురువు (ఫాదర్ గారు) మొదట వాళ్లనే ప్రశ్నిస్తారు. తర్వాత, ఈ తల్లిదండ్రులకు సాయపడటానికి సిద్ధమేనా అని జ్ఞాన తల్లిదండ్రులను అడుగుతారు. ఆ సాయం చేసేవాళ్లకు మామూలుగా 16 ఏళ్లు నిండాలి. భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), సత్ప్రసాదం (కమ్యూనియన్) పొందిన కతోలికులై, ఆ విశ్వాసానికి తగ్గట్టు బతుకుతూ ఉండాలి. ఆస్తి, హోదా, విదేశీ ఉద్యోగం గురించి చట్టంలో ఒక్క మాటా లేదు. ఇది మన ఊరి సమస్య మాత్రమే కాదు. ఇటలీలోని కటానియా అగ్రమేత్రాసనం (ఆర్చిబిషప్ పరిధి), ఈ బాధ్యత ఉత్త లాంఛనంగా మారిందని 2021లో జ్ఞాన తల్లిదండ్రులను నిలబెట్టడాన్నే మూడేళ్లపాటు ఆపేసింది.

లూథరన్ మేనమామ పొందిన బాప్తిస్మాన్ని కతోలిక సంఘం కాదనడం లేదు. బిడ్డను పాపసంకీర్తనానికీ (గురువు ముందు పాపాలు ఒప్పుకోవడానికి) మొదటి సత్ప్రసాదానికీ సిద్ధం చేసే పూచీని, వాటిని కతోలిక రీతిలో తానే పొందని మనిషి మీద పెట్టలేమంటోంది, అంతే. కతోలిక జ్ఞానతల్లి పక్కన ఆయన సాక్షిగా నిలబడొచ్చు. సాక్షులుంటే వాళ్ల పేర్లూ జ్ఞానస్నాన రిజిస్టర్లో రాయాలని అదే చట్టం చెబుతోంది. ఫాదర్ గారు రాయడం మరిచిపోతే, అక్కడే అడిగి రాయించండి.