చిన్న పిల్లలకు చరిత్ర: స్టాఫ్ రూంలో వినిపించే అపోహలు, తరగతిలో కనిపించే వాస్తవాలు

ప్రాథమిక బడిలో చరిత్ర అని విడిగా సబ్జెక్టు లేదు. మూడు నుంచి ఐదో తరగతి దాకా పరిసరాల విజ్ఞానంలో అక్కడొక పాఠం, ఇక్కడొక పాఠం వస్తుంది. సాంఘిక శాస్త్రం పుస్తకం చేతికొచ్చేది ఆరులోనే. అందుకే మా ఎస్‌జీటీలలో (ప్రాథమిక తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్లలో) చాలామందిమి ఆ పాఠాలను ఒకసారి చదివించి, ప్రశ్నలకు జవాబులు బోర్డు మీద రాసేసి, లెక్కల్లోకి వెళ్ళిపోతాం. చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే కాంప్లెక్స్ మీటింగుల్లో చిన్నపిల్లలకు చరిత్ర సరిగ్గా చెప్పాలన్న మాట ఎత్తితే ప్రతిసారీ అవే అభ్యంతరాలు వినిపిస్తాయి. నేను కందుకూరు వైపు పల్లెబడిలో పాఠాలు చెబుతాను. ఆ అభ్యంతరాల మీద నాకు తోచింది రాస్తున్నాను.

అపోహ: ఈ వయసులో కాలం అర్థం కాదు, ఆరో తరగతి నుంచి చెబితే చాలు.

సంవత్సరాల అంకెలు అర్థం కావన్నది నిజమే. 1514 అన్నా, 1914 అన్నా మూడో తరగతి పిల్లాడికి తేడా ఏమీ ఉండదు. "మా తాత కృష్ణదేవరాయల్ని చూశాడా సార్?" అని ఎంతో సీరియస్‌గా అడిగేస్తారు. కానీ ఏది ముందు, ఏది తర్వాత అన్నది వాళ్ళకు బాగా తెలుసు. చెల్లి పుట్టకముందు పాత ఇల్లు, పుట్టాక కొత్త ఇల్లు. బోరు పడకముందు చేను, పడ్డాక చేను. ఈ లెక్కలు తప్పకుండా చెబుతారు. మనం మొదలుపెట్టాల్సింది అక్కడే.

మూడో తరగతికి తరాలు చాలు: నేను, అమ్మ, అవ్వ, అవ్వను కన్న అమ్మ. నాలుగు, ఐదు తరగతుల వాళ్ళకైతే వరండాలో సుద్దముక్కతో గీత గీస్తాను. మీటరుకు వందేళ్ళు. పదేళ్ళ పిల్లాడి బతుకంతా పది సెంటీమీటర్లు. అది చూడగానే క్లాసంతా నవ్వుతుంది. అవ్వ పుట్టిన చోటు ముప్పావు మీటరు దగ్గర. టంగుటూరి ప్రకాశం పంతులు పుట్టిన 1872 మీటరున్నర దగ్గర. కృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఉదయగిరి కోటను గెలుచుకున్న 1514 అయిదు మీటర్ల అవతల. తిక్కన ఏడు మీటర్లు దాటాక. పండరంగని అద్దంకి శాసనం, 848, పన్నెండు మీటర్ల దాకా పోతుంది. ఇక గుండ్లకమ్మ ఒడ్డున చందవరం బౌద్ధస్తూపానికి ఇరవై మీటర్లు కావాలి. వరండా చాలదు, గీత మెట్లు దిగి గ్రౌండులోకి వస్తుంది. పిల్లలు ఆ మెట్లు దిగుతూనే "అబ్బో" అంటారు. ఆ తర్వాత తాత, కృష్ణదేవరాయల ప్రశ్న మళ్ళీ ఎవరూ అడగరు. ఒకవేళ అడిగినా పక్కవాడే జవాబు చెప్పేస్తాడు.

అపోహ: చరిత్ర హంపీలోనో ఢిల్లీలోనో ఉంటుంది, మన ఊళ్ళో ఏముంది?

ఇది పిల్లల అపోహ కాదు, మాదే. కందుకూరు ప్రాంతాన్నే తీసుకోండి. 1970 ఫిబ్రవరి దాకా నెల్లూరు జిల్లా. అప్పుడు ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. 2022 పునర్విభజనలో కందుకూరు మళ్ళీ నెల్లూరులో చేరింది. ఇల్లు కదల్లేదు, జిల్లాలు మారాయి. ఈ సంగతి నేను ముందే చెప్పను. ఇళ్ళల్లో పాత కాగితాలు ఏవుంటే వాటిలో జిల్లా పేరు చూసి రాసుకు రమ్మంటాను: తాత పొలం దస్తావేజు, నాన్న పదో తరగతి సర్టిఫికెట్, చెల్లి పుట్టిన ధ్రువపత్రం. కాగితాలు తేవద్దని, చూసి రాసుకుంటే చాలని గట్టిగా చెప్పాలి. లేకపోతే దస్తావేజు బ్యాగులో వేసుకొచ్చే ఘనులు ఉంటారు. మర్నాడు బోర్డు మీద నెల్లూరు, ప్రకాశం, నెల్లూరు అని వరుస పడుతుంది. "ఇట్లా ఎందుకుంది?" అని వాళ్ళంతట వాళ్ళే అడుగుతారు. పాఠం అక్కడ మొదలవుతుంది.

బడి గోడకున్న శిలాఫలకం, చెరువు తూము, గుళ్ళో సున్నం కింద కప్పబడిపోయిన రాతి శాసనం, అన్నీ పనికొస్తాయి. బడి పాత అడ్మిషన్ రిజిస్టరు కూడా. మొదటి పేజీల్లో ఆడపిల్లల పేర్లు ఎన్ని, ఇప్పుడెన్ని అని లెక్కపెట్టిస్తే పిల్లలకు చాలా తెలిసిపోతుంది. కులం గడి మీద మాత్రం అట్ట పెట్టి మూయండి. ఆ రిజిస్టర్లో ఉన్నది వీళ్ళ తాతల పేర్లే.

అపోహ: పిల్లలకు రాజులూ యుద్ధాలూ అయితేనే సరదా.

యుద్ధాలంటే సరదాయే, కాదనను. కానీ మన వైపు అవ్వల దగ్గర అంతకంటే గొప్ప కథ ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడుస్తున్నప్పుడు, రాత్రి బడికి వెళ్ళిన దూబగుంట ఆడవాళ్ళు ఊళ్ళో సారా అమ్మకాన్ని ఆపించారు. ఆ కథే చదువుకునే వాచకంలో పాఠమై మిగతా ఊళ్ళకు పాకింది. 1992లో సారా వేలం పాటలనే అడ్డుకున్నారు. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. ఆ ఉద్యమంలో ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ పేరు అందరికీ తెలుసు. ఆమెతో పాటు నడిచిన వాళ్ళ పేర్లు చాలామందికి తెలియవు. వాళ్ళు ఇప్పుడు మన బడికి మనవరాళ్ళను దింపడానికి వస్తున్నారు.

అయిదో తరగతి పిల్లలతో మూడు ప్రశ్నలు అడిగించండి: అప్పుడు నువ్వు ఎక్కడున్నావు? ఏం చూశావు? ఎవరో చెబితే విన్నదా, కళ్ళారా చూసిందా? మూడో ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. ఒక అవ్వ అంగడి పగలగొట్టామంటుంది, ఇంకొక అవ్వ పగలగొట్టలేదు, తాళం వేశామంటుంది. పిల్లలు తగువు పడతారు. పడనివ్వండి. ఎవరిది సరైనదని మాస్టారు తీర్పు చెప్పకూడదు. ఇంకెవరిని అడిగితే తేలుతుందని అడగాలి. పెద్దవాళ్ళు చెప్పేదంతా నిజమే అనుకోవడం కూడా అపోహే. దానికి వేరే శీర్షిక అక్కర్లేదు.

2004 డిసెంబరు 26 సునామీ గురించి తీరప్రాంతం బడుల్లో ఇదే పద్ధతిలో అడిగించవచ్చు. అయితే ఎవరి ఇంట్లో ఏం జరిగిందో ముందు మనం కనుక్కోవాలి.

అపోహ: బాధ కలిగించే సంగతులు చిన్నపిల్లలకు చెప్పకూడదు.

నాకు అన్నిటికంటే పేచీ ఉన్నది ఇక్కడే. పొట్టి శ్రీరాములు గారి పాఠం వస్తే అందరం 1952 దీక్షే చెబుతాం. మద్రాసులో అక్టోబరు 19న మొదలుపెట్టి డిసెంబరు 15న ప్రాణం విడిచారు, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. నెల్లూరు జిల్లాకు 2008లో ఆయన పేరు పెట్టారు కాబట్టి ఆయన నెల్లూరులో పుట్టారని పిల్లలు రాసేస్తారు. పుట్టింది మద్రాసులో. అది చిన్న తప్పు, దిద్దితే పోతుంది. పెద్ద లోటు వేరే ఉంది. 1946లో ఆయన నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుళ్ళోకి హరిజనులను రానివ్వాలని నిరాహార దీక్ష చేశారు. ఆ సంగతి మాత్రం దాటేస్తాం. "ఎందుకు రానివ్వలేదు సార్?" అంటే ఏం చెప్పాలన్న భయం.

తరగతిలో ఊళ్ళో పిల్లలూ ఉంటారు, దళితుల కాలనీ పిల్లలూ ఉంటారు. వాళ్ళకు ఈ సంగతి తెలియదనుకోవడం మన భ్రమ. పండగనాడు ఎవరు ఎక్కడ నిలబడతారో వాళ్ళు ప్రతిసారీ చూస్తూనే ఉంటారు. నేను చెప్పేది క్లుప్తంగా చెబుతాను: కొందరిని గుళ్ళోకి రానివ్వని రోజులుండేవి. అది అన్యాయమని కొందరు నిలబడ్డారు. ఇప్పుడు అలా ఆపడం నేరం. ఏ పిల్లనూ లేపి "మీ వాళ్ళ గురించి చెప్పు" అనను. నటనల్లోనూ అంతే. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో ప్రకాశం పంతులు తుపాకులకు గుండె చూపిన దృశ్యం వేయిస్తే మావాళ్ళు చొక్కా గుండీలు తెంపుకునేంత ఉత్సాహంగా వేస్తారు. గుడి బయట ఆపే దృశ్యం మాత్రం ఎన్నడూ వేయించను. ఆటలో ఎవరు ఎవరిని ఆపుతారో ముందే తేలిపోయి ఉంటుంది.

అపోహ: కథలా చెప్పేస్తే చరిత్ర వచ్చేసినట్టే.

కథ కావాలి. కానీ జనం పాడుకునే కాటమరాజు కథా, రాతి మీద చెక్కిన మోటుపల్లి శాసనమూ ఒకే గొంతుతో చెబితే పిల్లలకు రెండూ ఒకటే అయిపోతాయి. కాటమరాజుతో పోరాడిన ఖడ్గతిక్కన యుద్ధం నుంచి వెనుదిరిగి వస్తే ఇల్లాలు ఆడవాళ్ళకు పెట్టినట్టు స్నానానికి మంచం అడ్డుపెట్టి పసుపు ముద్ద పెట్టిందన్న కథ మా పిల్లలకు ప్రాణం. అది జనం నోట నిలిచిన కథ, చాటుపద్యాల్లో ఉంది. మోటుపల్లిది వేరు. ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వెళ్ళిన ఆ రేవులో 1244 ప్రాంతంలో కాకతీయ గణపతిదేవుడు రాయించిన అభయ శాసనం రాతి మీదే ఉంది. గాలివానకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే అంతకుముందు రాజులు సరుకంతా లాక్కునేవారట. తాను నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటానని హామీ ఇచ్చాడు. "ఒడ్డుకొచ్చిన సరుకు ఎవరిది?" అని అడిగి చూడండి, పీరియడ్ అయిపోయినా గొడవ ఆగదు. రెండూ చెప్పాక ఒకే ప్రశ్న: ఇది మనకెలా తెలిసింది? ఒకటి పాడితే వింటున్నాం, ఒకటి చెక్కితే చదువుతున్నాం. నాలుగో తరగతి వాడికి ఈ తేడా చక్కగా పట్టుబడుతుంది. పాడింది అబద్ధమని మాత్రం చెప్పకండి. అట్లా చెప్పాలనే తొందర కూడా మాకే, వాళ్ళకు లేదు.

అపోహ: తేదీలు అడగకపోతే పరీక్ష ఎలా పెడతాం?

కలిపేసిన నాలుగు చీటీలు ఇచ్చి వరుసలో పెట్టమనండి. పాత ఫొటో చూపించి, ఇప్పటిది కాదని దేన్ని బట్టి చెబుతావని అడగండి. అవ్వ దగ్గర అడగడానికి ఒక ప్రశ్న రాయమనండి, జవాబు వద్దు, ప్రశ్నే. మార్కులు వేయడం కాస్త కష్టమే, ఒక్కో కాగితం చదవాల్సి వస్తుంది.