పాత టీవీ హాస్యాన్ని నాటకంగా ఊరూరా ఆడించడం: అపోహలు – వాస్తవాలు

దూరదర్శన్ రోజుల నాటి ఒక హాస్య ధారావాహికను అనుమతి తీసుకొని రెండు గంటల నాటకంగా మలచుకొన్నాం. నెల్లూరు పురమందిరంలో మొదలుపెట్టి కావలి, కందుకూరు, పొదిలి, కనిగిరి వేదికల మీద ఆడిస్తున్నాం. నేను దర్శకుడిని. నాటక పరిషత్తుల పోటీలకు నాటికలు ఆడినన్నాళ్లూ ఎవరూ అడగని ప్రశ్నలను ఈ నాటకం మొదలుపెట్టగానే అందరూ అడిగారు. నిజానికి వాటిలో ప్రశ్నల కంటే ముందే తీర్మానించుకొన్న సమాధానాలే ఎక్కువ.

అపోహ: బాగా పేలిన మూడు ఎపిసోడ్లను వరుసగా పేర్చితే నాటకం అయిపోతుంది.

వాస్తవం: మేము మొదట చేసిన పొరపాటు సరిగ్గా ఇదే. టీవీ హాస్యంలో ప్రతి వారం కథ ఎక్కడ మొదలయిందో అక్కడికే వచ్చి ఆగుతుంది. పోయిన ఉద్యోగం తిరిగి వస్తుంది, అలిగిన భార్య కాఫీ తెచ్చి ఇస్తుంది, అప్పులవాడు చిరునవ్వుతో వెళ్లిపోతాడు. మధ్యలో వారం రోజుల ఎడం ఉన్నప్పుడు ఇది హాయిగానే ఉంటుంది గాని, ఒకే రాత్రి మూడుసార్లు అన్నీ సర్దుకొంటే ప్రేక్షకుడు రెండోసారికే లేచి చెప్పులు వెతుక్కొంటాడు. బ్రిటన్‌లో 1975లోను 1979లోను కలిపి 12 ఎపిసోడ్లుగా మాత్రమే వచ్చిన ‘ఫాల్టీ టవర్స్’ అనే హోటలు హాస్య ధారావాహికను, దాని రచయితలలో ఒకడు, ప్రధాన నటుడు అయిన జాన్ క్లీజ్ రంగస్థలానికి తెచ్చినప్పుడు మూడు ఎపిసోడ్లనే తీసుకొన్నాడు, అయితే వాటిని ఒకదాని వెనుక ఒకటి పెట్టకుండా, తనిఖీదారు వస్తున్నాడనే భయాన్ని, చెవులు సరిగా వినపడని అతిథి డబ్బు గొడవను, జర్మన్ అతిథుల రాకను ఒకే కథలో అల్లాడు. ఆ నాటకం 2016లో సిడ్నీలో మొదలై 2024లో లండన్ చేరింది. మేము కూడా మూడు కథలను ఒకే రోజుకు కుదించి, మొదటి కథలోని అబద్ధం బయటపడకముందే రెండో కథలోని చుట్టం గుమ్మంలోకి వచ్చేటట్లు తిరగరాసుకొన్నాం. ఎపిసోడ్ల చివర ఉన్న సర్దుబాటు సన్నివేశాలు రెండింటిని పూర్తిగా తీసేయవలసి వచ్చింది. మూల రచనలో నాకు ఎంతో ఇష్టమైన మాటలు వాటిలోనే ఉండేవి.

అపోహ: నవ్వు ఎక్కడ వస్తుందో టీవీలోనే తేలిపోయింది కనుక నటులకు అది తలనొప్పి కాదు.

వాస్తవం: అసలు తలనొప్పి అదే. ఈ రకపు హాస్యం రంగస్థలం నుంచి టీవీకి వెళ్లినదే: 1951లో అమెరికాలో మొదలైన ‘ఐ లవ్ లూసీ’ని ప్రేక్షకులను ఎదురుగా కూర్చోబెట్టుకొని, ఒకేసారి మూడు కెమెరాలతో చిత్రీకరించేవారు. అదే దశకంలో చార్లీ డగ్లస్ అనే సౌండ్ ఇంజనీరు ముందే రికార్డు చేసిన నవ్వులను మీటలు నొక్కి వినిపించే పెట్టెను తయారు చేశాక, ప్రేక్షకులు లేకపోయినా నవ్వు దొరికింది. ఆ పెట్టె నవ్వు ఎంతసేపు ఉండాలో కూర్చేవాడి చేతిలో ఉంటుంది; మా నవ్వు ఎంతసేపు ఉంటుందో పొదిలి ప్రేక్షకుల చేతిలో ఉంటుంది. నవ్వు పూర్తిగా అణగేవరకు ఆగితే సన్నివేశం చల్లబడుతుంది, ఆగకపోతే తరువాతి మాట నవ్వులో కొట్టుకుపోతుంది. అందుకని నవ్వు ఎక్కిన ఎత్తు నుంచి దిగడం మొదలై, సగానికి పైగా తగ్గినప్పుడు మాట అందుకోవాలని మా వాళ్లకు చెబుతాను. పురమందిరంలో నవ్వు ఒక్కసారిగా వచ్చి పోతుంది. తిరునాళ్ల వేదికల ముందు అయితే మొదట చాపల మీది పిల్లలు, తరువాత కుర్చీల వారు, ఆఖరున వెనుక నిలుచున్న వారు నవ్వుతారు. ఆ మూడో అల కోసం ఆగే ఓపిక రావడానికి మా ప్రధాన నటుడికి ఎనిమిది ప్రదర్శనలు పట్టింది.

దీనికి తోడు క్లోజప్ పోతుంది. టీవీలో కథానాయకుడి కనుబొమ్మ లేస్తే చాలు, ఇంటిల్లిపాదీ నవ్వుతారు. ఇరవయ్యో వరుసకు కనుబొమ్మ కనపడదు. దాని బదులు చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టబోతూ సగంలో ఆగిపోవడమో, తొడుక్కొంటున్న చొక్కాను మళ్లీ విప్పడమో పెట్టుకొన్నాం. ఇలా కనుబొమ్మలను చేతులలోకి మార్చుకోవడమే మా రిహార్సళ్లలో సగం పని.

అపోహ: ఆ ముఖాలే లేకపోతే జనం రారు.

వాస్తవం: మొదటి పది నిమిషాలు పోల్చి చూస్తారు, ఆ తరువాత మరచిపోతారు. మన ‘అమృతం’లోనే అమృతం పాత్రను శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ ఒకరి తరువాత ఒకరు పోషించినా జనం ఆ ధారావాహికను వదలలేదు. మనిషి మారినా హోటలు యజమానికి, భాగస్వామికి, ఇంటి యజమానికి మధ్య ఉన్న పేచీ మారకపోవడమే అందుకు కారణం. ‘ఆనందో బ్రహ్మ’తో ఇంటింటికీ తెలిసిన ధర్మవరపు సుబ్రహ్మణ్యం ప్రకాశం జిల్లా మనిషి కావడం చేత, ఒంగోలు వైపు ఆయన ప్రసక్తి రాకుండా మా నాటకం గురించి మాట ముగియదు, ఆయన గొంతును అనుకరించవద్దని మాత్రం మా కుర్రవాళ్లకు గట్టిగా చెప్పాను. అనుకరణకు చప్పట్లు వస్తాయి గాని పాత్ర అక్కడే ఆగిపోతుంది.

అపోహ: ఇల్లు ఒకటే సెట్టు కనుక ఖర్చు తక్కువ, మోయడం తేలిక.

వాస్తవం: గోడలు తేలికే, తలుపులే బరువు. ఒకరు దాక్కోగానే ఇంకొకరు వచ్చే హాస్యానికి నిజంగా తెరుచుకొని, నిజంగా మూసుకొని, విసురుగా వేస్తే గోడ కదలని తలుపులు కావాలి. మా నాటకానికి నాలుగు ఉన్నాయి. మినీ లారీలో సగం జాగా వాటిదే. ఒకసారి నవంబరు వానలలో కట్టె ఉబ్బి వంటింటి తలుపు తెరుచుకోలేదు. నటుడు కిటికీ దూకి వచ్చాడు. జనం విరగబడి నవ్వారు గాని, అతడు ఇంట్లోనే ఉన్నాడని అందరికీ తెలిసిపోవడంతో తరువాతి ఇరవై నిమిషాల కథకు అర్థం లేకుండా పోయింది. మన తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు కనుక, ఇప్పుడు సంక్రాంతి తరువాతే బయలుదేరుతున్నాం. వేదికల కొలతలు మరొక చిక్కు: ముప్పై అడుగుల జాగాలో సాధన చేసిన పరుగు పద్దెనిమిది అడుగుల వేదిక మీద మాట పూర్తి కాకముందే అయిపోతుంది. ఊరు చేరగానే టేపు పట్టి కొలిచి, అవసరమైతే నటుడు కుర్చీ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసేటట్లు అక్కడికక్కడే మార్చుకొంటాం.

అపోహ: పాత ధారావాహికే గదా, అనుమతి ఎందుకు?

వాస్తవం: 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రచనపై హక్కు రచయిత జీవితకాలంతో పాటు ఆ తరువాత 60 సంవత్సరాలు ఉంటుంది. డబ్బు తీసుకోకుండానో, మత సంస్థ సహాయార్థమో ఔత్సాహిక సంఘం ఇచ్చే ప్రదర్శనకు అదే చట్టంలోని 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తున్న మాట నిజమే గాని, టికెట్టు పెట్టి ఊరూరా తిరిగే బృందానికి అది వర్తించదు. రచయిత అనుమతి, నిర్మాత అనుమతి రెండూ కాగితం మీద ఉండాలి.

అపోహ: మాటలకు నెల్లూరు యాస పూసి, చేతికి సెల్‌ఫోను ఇస్తే నాటకం కొత్తదవుతుంది.

వాస్తవం: యాసతో నవ్వించడం మనకు కొత్త కాదు, మన జిల్లా వాడైన పాత సినిమాల హాస్యనటుడు రమణారెడ్డి మాటతీరును ఇప్పటికీ తలుచుకొంటారు. అయితే యాస ఆ పాత్రది కావాలి. మా నాటకంలో పాలు పోసే మనిషి మాత్రమే ‘ఏంనా’ అంటాడు, బ్యాంకు గుమాస్తా అనడు. ఇక సెల్‌ఫోను వస్తే మా కథ అయిదు నిమిషాల్లో తేలిపోతుంది, ఎందుకంటే అల్లుడు మద్రాసులో ఉన్నాడా లేదా అన్న ఒక్క సంగతి తెలుసుకోలేకనే ఇంటిల్లిపాదీ అబద్ధాలాడతారు. అందువల్ల కాలాన్ని మార్చకుండా, తిప్పే డయలు ఉన్న నల్ల ఫోను ఒకటి సంపాదించి వేదిక మధ్యలో పెట్టాం. ట్రంకు కాల్ అంటే ఏమిటో తెలియని పిల్లల కోసం ఇంటి పెద్దాయన చేత ఒకే ఒక మాట అనిపించాం: “పొద్దున బుక్ చేశాను, సాయంత్రానికన్నా కలుపుతారులే.” కనిగిరిలో ఆ మాటకు నవ్వింది పెద్దలు, తరువాత ఫోను మోగినప్పుడల్లా ముందుగా ఉలిక్కిపడింది మాత్రం పిల్లలే.