బరంపురం ఇంటి పన్ను, చెత్త బండి, బడ్జెట్ మిగులు: అపోహలు - వాస్తవాలు

దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ... ఊరేదైనా మునిసిపాలిటీ డబ్బు గురించి మన వీధుల్లో వినబడే మాటలు ఇంచుమించు ఇవే. లెక్కల పుస్తకంతో పోల్చి చూస్తే వీటిలో చాలావరకు నిలవవు.

అపోహ: బడ్జెట్‌లో మిగులు చూపించారు. డబ్బుండీ పనులు చేయడం లేదు.

ఆ మిగులులో పెద్ద ముక్క ప్రారంభ నిల్వ, అంటే ఏడాది మొదట్లో ఖాతాలో ఉన్న పాత డబ్బు. అందులో స్కీముల డబ్బు కలిసి ఉంటుంది, దాన్ని వేరే పనికి తాకకూడదు. 2021-26కి 15వ ఆర్థిక సంఘం సిఫారసు చేసిన గ్రాంటే చూడండి. పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు అందులో 60 శాతం దేనికి వాడాలో ముందే రాసి పెట్టారు: సగం నీటికి, సగం పారిశుధ్యానికి. తక్కిన 40 శాతం ఊరి అవసరాలకు వాడొచ్చు గాని జీతాలకు పనికిరాదన్నారు. కాబట్టి బడ్జెట్ పుస్తకం దొరికితే ప్రారంభ నిల్వనూ స్కీముల పద్దులనూ కొట్టేయండి. మిగిలిన హోల్డింగ్ టాక్స్ (ఇంటి పన్ను), ట్రేడ్ లైసెన్సు ఫీజు, మార్కెట్ గదుల అద్దెలను జీతాలు, డీజిలు, కరెంటు బిల్లులతో పోల్చండి. ఊరి అసలు స్థితి అక్కడ తెలుస్తుంది.

అపోహ: రాబడి పెరగాలంటే పన్ను రేటు పెంచాల్సిందే.

రేటు జోలికి పోయేముందు ఏ ఇంటికి ఎంత పన్ను రావాలో రాసే డిమాండు రిజిస్టరును సరిచేయాలి. మేడమీద రెండంతస్తులు లేచినా రిజిస్టరులో పెంకుటిల్లే ఉంటుంది. ముందుగదిలో కిరాణా కొట్టు నడుస్తున్నా నివాసం అనే రాసి ఉంటుంది. కరెంటు కంపెనీ దగ్గరున్న వాణిజ్య కనెక్షన్ల జాబితాను వార్డువారీగా హోల్డింగ్ జాబితాతో పోల్చితే ఇలాంటివి బయటపడతాయి.

'80 శాతం వసూలైంది' అన్న మాటనూ విప్పి చూడాలి. ఈ ఏటి డిమాండు కోటి, పాత బాకీ 60 లక్షలు అనుకుందాం. వసూలైన 80 లక్షల్లో 45 లక్షలు పాత బాకీకే పోయాయి. అంటే ఈ ఏటి పన్నులో వచ్చింది 35 శాతమే. మార్చి 31న బాకీ 60 నుంచి 80 లక్షలకు చేరింది! పాత, కొత్త వసూళ్లు విడివిడిగా చూపని నివేదికను కౌన్సిల్ ఒప్పుకోకూడదు. పైగా ఇంటి పన్ను వసూళ్లు రాష్ట్ర స్థూల ఉత్పత్తి (జీఎస్‌డీపీ) వృద్ధికి తగ్గట్టు పెరగాలని 15వ ఆర్థిక సంఘం తన గ్రాంటుకు షరతు కూడా పెట్టింది.

అపోహ: బండ్లు పెంచితే చెత్త సమస్య తీరుతుంది.

తడి, పొడి కలిసి వస్తే ఎన్ని బండ్లున్నా ఒకే చెత్తను రెండుసార్లు ఎత్తాలి, ఏరాలి. ఒడిశా పట్టణాల్లో తడి చెత్త మైక్రో కంపోస్టింగ్ కేంద్రానికి వెళ్లి 'మో ఖత' ఎరువవుతుంది. అక్కడ ఏం తప్పుతుందో చేత్తో తెలుసుకోవచ్చు. గుప్పెడు తీసి పిండితే చెమ్మ తగలాలి, ఒకటి రెండు చుక్కలకు మించి కారకూడదు. నీళ్లు కారితే ఎండుటాకులో కొబ్బరి పొట్టో కలిపి తిరగేయాలి. కంపు కొడుతోందంటే లోపల గాలి ఆడడం లేదు. పొడిపొడిగా రాలి, చల్లగా ఉంటే నీళ్లు చిలకరించాలి. ఒక్క షాంపూ ప్యాకెట్ ముక్క కనబడినా రైతు ఆ బస్తా కొనడు, అందుకే వేరుచేయడం ఇంటి గడప దగ్గరే జరగాలి.

బరంపురానికి ఇంకో సంగతి. ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర రెండేళ్లకోసారి చైత్రంలో వస్తుంది. యాత్ర లేని నిరుటి అంకె చూసి పారిశుధ్యం పద్దు రాస్తే కొత్త బడ్జెట్‌కు మొదటి నెలల్లోనే గండి పడుతుంది. యాత్ర ఉన్న ఏటిని అంతకుముందు యాత్ర ఏటితోనే పోల్చాలి.

అపోహ: ఎల్‌ఈడీ వేశారు, ఇక కరెంటు బిల్లు తగ్గినట్టే.

150 వాట్ల సోడియం దీపం చోక్‌తో కలిపి 170 దాకా లాగుతుంది. 70 వాట్ల ఎల్‌ఈడీ పెడితే రాత్రికి 11 గంటల లెక్కన ఏడాదికి దీపానికి 400 యూనిట్లు మిగలాలి. టైమరు చెడి పట్టపగలు వెలిగితే ఆ మిగులు చాలావరకు ఆవిరే.

అపోహ: నీటి బిల్లు కట్టాం, ఇంకా మునిసిపాలిటీకి ఏం కట్టాలి?

ఆ డబ్బు వేరే గల్లాకు వెళ్తుంది. ఒడిశాలో నీటి సరఫరా రాష్ట్ర సంస్థల చేతిలో ఉంది, బరంపురంలో వాట్కో అనే రాష్ట్ర నీటి సంస్థ చూస్తుంది.

అపోహ: తాతగారి పేరు మీదే రసీదు వస్తోంది, మార్చుకోకపోతే ఏం?

నోటీసు చేతికందదు, బాకీ మాత్రం పేరుకుంటుంది. ఒడియా కాగితంలో 'బకేయా' అంటే పాత బాకీ, 'చళిత' అంటే ఈ ఏటిది. రెండూ విడిగా చదవండి. పేరు మార్పుకు దస్తావేజు లేదా వారసత్వ ధ్రువపత్రం, చివరి రసీదు పట్టుకెళ్లండి. పన్ను రసీదు ఒక్కటే ఇంటి హక్కుకు రుజువు కాదు, దస్తావేజు భద్రంగా ఉంచుకోండి.