స్టేజీ కింది సగం

మైక్రోస్కోపు అనగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది? పిల్లల కోసం ఆన్‌లైన్‌లో అమ్మే ప్లాస్టిక్ మైక్రోస్కోపుల డబ్బాల మీద 1200 రెట్లు, 2000 రెట్లు అని పెద్దక్షరాలతో వేస్తారు. ఆ అంకె చూసి కొన్నవాళ్లకు చివరికి కనిపించేవి మసక మరకలే. ఫోన్‌తో దూరం నుంచి తీసిన ఫోటోను వేళ్లతో ఎంత లాగినా బస్సు బోర్డు మీది అక్షరాలు చదవలేం కదా, ఇదీ అంతే. పెద్దది చేయడం వేరు, విడదీసి చూపడం వేరు.

పక్కపక్కన ఉన్న రెండు చుక్కలు రెండుగానే కనబడాలంటే వాటి మధ్య కనీసం ఎంత ఎడం ఉండాలి? 1873లో జర్మనీలోని యేనాలో ఎర్నెస్ట్ అబ్బే అనే భౌతికశాస్త్రవేత్త దీనికి లెక్క తేల్చాడు. ఆబ్జెక్టివ్ లెన్సు, అంటే స్లైడు వైపు ఉండే లెన్సు మీద 10/0.25, 40/0.65, 100/1.25 అని చెక్కి ఉంటుంది. మొదటిది ఎన్ని రెట్లో చెబుతుంది. రెండోది న్యూమరికల్ అపెర్చర్, అంటే లెన్సు ఎంత వెడల్పాటి కాంతి శంకువును అందుకోగలదో చెప్పే అంకె. కాంతి తరంగదైర్ఘ్యాన్ని ఈ అంకెకు రెట్టింపుతో భాగిస్తే కావలసిన ఎడం వస్తుంది. ఆకుపచ్చ కాంతిలో 10ఎక్స్ లెన్సుకు అది 1.1 మైక్రాన్లు, 40ఎక్స్‌కు 0.42, ఆయిల్ వేసి చూసే 100ఎక్స్‌కు 0.22. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఐపీస్‌తో, అంటే కన్ను ఆనించే లెన్సుతో కలిపి మొత్తం ఎన్ని రెట్లన్నది న్యూమరికల్ అపెర్చర్‌కు వెయ్యి రెట్లు దాటిందంటే కొత్తగా కనిపించేది ఏమీ ఉండదు, ఉన్న మసకే ఇంకాస్త పెద్దదవుతుంది. అంటే 100/1.25 లెన్సున్న ల్యాబు మైక్రోస్కోపుకు 1250 దగ్గర కథ ముగిసినట్టే. ఇక ఆ 2000 ఎక్కడిది?

అయితే అబ్బే లెక్కలో ఒక షరతు ఉంది. లెన్సు ఎంత వెడల్పు శంకువును అందుకోగలదో, కాంతి కూడా దాదాపు అంత వెడల్పుగా స్లైడు మీదికి రావాలి. ఆ పని చేసేది స్టేజీ, అంటే స్లైడు పెట్టే బల్ల కింద ఉండే కండెన్సర్ అనే లెన్సు. దానికుండే ఐరిస్ డయాఫ్రం (కాంతి దారిని పెద్దది, చిన్నది చేసే రంధ్రం) పూర్తిగా మూసేస్తే మీ 40ఎక్స్ లెన్సు విడదీసే శక్తి దగ్గరదగ్గర సగానికి పడిపోతుంది. కాలేజీ ల్యాబుల్లో కనిపించే చాలా మైక్రోస్కోపుల్లో కండెన్సర్ అట్టడుగుకు దిగిపోయి, ఐరిస్ ఎవరు ఎప్పుడు ఎక్కడ వదిలేశారో అక్కడే ఉంటుంది. ప్రాక్టికల్ రికార్డులో భాగాల పేర్లతో బొమ్మ వేయిస్తాం, కండెన్సర్‌కు బాణం గుర్తు పెట్టిస్తాం. దాన్ని కదిపి చూడమని మాత్రం చెప్పం. నా దృష్టిలో స్టేజీ కింది భాగం సగం మైక్రోస్కోపు.

ఆ సగాన్ని సరిగ్గా వాడే పద్ధతిని 1893లో ఆగస్ట్ కోలర్ ప్రకటించాడు. అప్పటికి అతను గీసెన్‌లో నత్తజాతి జీవుల మీద పరిశోధన చేస్తున్న విద్యార్థి. మైక్రోస్కోపులోంచి ఫోటోలు తీయాలంటే వెలుతురు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువగా పడేది. దీపం బింబం నేరుగా స్లైడు మీదే పడటం వల్ల వచ్చిన చిక్కది. కోలర్ ఆ బింబాన్ని స్లైడు మీద కాకుండా కండెన్సర్ ఐరిస్ దగ్గర పడేట్టు చేశాడు. దాంతో దీపం ఆకారం స్లైడు మీదినుంచి మాయమై వెలుతురు మాత్రం సమంగా పరుచుకుంది. 1900లో అతను మైక్రోస్కోపులు తయారుచేసే జైస్ కంపెనీలో చేరాడు. ఇవాళ్టికీ పరిశోధన ల్యాబుల్లో రోజు మొదలయ్యేది ఈ సర్దుబాటుతోనే.

చేయడానికి నిమిషం కూడా పట్టదు. ముందుగా 10ఎక్స్‌తో ఏదైనా స్లైడును ఫోకస్ చేయాలి. తర్వాత దీపం మీద ఉండే ఫీల్డ్ డయాఫ్రంను బాగా మూయాలి. చీకటి మధ్య వెలుతురు మచ్చ ఒకటి కనిపిస్తుంది, అంచులు అలుక్కుపోయి ఉంటాయి. కండెన్సర్ నాబ్‌ను మెల్లగా తిప్పుతుంటే ఆ అంచులు బిగుసుకుని, గుండ్రం కాస్తా కోణాలున్న ఆకారంగా తేలుతుంది. మామూలు కండెన్సర్లలో ఆ అంచుకు సన్నటి రంగు చార కూడా ఉంటుంది. కాస్త పైకి, కాస్త కిందికి కదిపితే ఎరుపు నీలంగా, నీలం ఎరుపుగా మారుతుంది. ఆ రెండింటి నడిమే మనకు కావలసిన ఎత్తు. మచ్చ పక్కకు జరిగి ఉంటే రెండు స్క్రూలతో మధ్యకు తెచ్చి, చూపు అంచు దాటేంతవరకే డయాఫ్రం తెరవాలి. చివరగా ఐపీస్ ఒకటి తీసి గొట్టంలోకి చూస్తే అడుగున వెలుగుతున్న వృత్తం కనిపిస్తుంది. దాని వెడల్పులో ముప్పావు వంతు నిండేలా కండెన్సర్ ఐరిస్ పెట్టాలి. ఆబ్జెక్టివ్ మార్చినప్పుడల్లా ఈ ఐరిస్‌ను మళ్లీ చూసుకోవాలి.

ఫీల్డ్ డయాఫ్రం లేని స్టూడెంట్ మైక్రోస్కోపు అయినా ఫరవాలేదు. స్లైడు ఫోకస్‌లో ఉండగా దీపం అద్దం మీద పెన్సిల్ మొన ఆనించి, ఆ మొన కూడా స్పష్టంగా కనిపించేదాకా కండెన్సర్‌ను కదపండి, ఎత్తు కుదిరినట్టే. అద్దంతో పనిచేసే పాత రకమైతే, కండెన్సర్ ఉన్నప్పుడు చదునైన అద్దమే వాడాలి. పుటాకార అద్దం కండెన్సర్ లేని వాటి కోసం.

ఐరిస్‌ను వెలుతురు తగ్గించడానికి వాడటం మనకు బాగా అలవాటైన తప్పు. దానికి దీపం రెగ్యులేటర్ ఉంది. ఐరిస్ మూస్తే కాంట్రాస్ట్ పెరుగుతుంది, వివరం పోతుంది. రంగు వేయని బుగ్గ కణాల్లాంటివి దాదాపు పారదర్శకం కాబట్టి అక్కడ కాస్త మూయక తప్పదు. మరీ మూస్తే మాత్రం ప్రతి అంచు చుట్టూ నల్లటి గీత పుట్టుకొస్తుంది. అది కణంలో ఉన్నది కాదు, కాంతి వంగడం వల్ల వచ్చింది. జంతు కణానికి కణకవచం గీసిన రికార్డుల్లో కొన్నింటికి కారణం ఇదే అయ్యుంటుందని నా అనుమానం.

"10లో బాగానే కనిపించింది సార్, 40లో దొరకట్లేదు" అని ఎవరైనా అంటే ముందు స్లైడు తిరగబడిందేమో చూడాలి. 40ఎక్స్ లెన్సు ఫోకస్ అయ్యేటప్పుడు దాని మూతికీ స్లైడుకూ మధ్య ఉండేది అర మిల్లీమీటరు పైచిలుకు. స్లైడు మందమే ఒక మిల్లీమీటరు. నమూనా మీద కప్పే పల్చటి గాజు, అంటే కవర్ స్లిప్ కిందికి వెళ్లిందంటే లెన్సు గాజును గుద్దుకోవాలే తప్ప నమూనాను అందుకోలేదు. అందుకే 40ఎక్స్‌లో కోర్స్ నాబ్ (ఫోకస్‌ను వేగంగా మార్చే పెద్ద నాబ్) ముట్టుకోకూడదు. కవర్ స్లిప్ మందం కూడా లెక్కలోనిదే. లెన్సు మీద 0.17 అని ఉంటే అన్ని మిల్లీమీటర్ల మందానికి దాన్ని తయారు చేశారని అర్థం. రెండు కవర్ స్లిప్‌లు అతుక్కుని ఒకటిగా వస్తే బొమ్మ ఎంతకీ తేలదు.

ఇక ఆయిల్. గాజులోంచి గాలిలోకి వచ్చే కాంతి కిరణం 41 డిగ్రీలకు మించి వాలి ఉంటే బయటికి రాకుండా లోపలికే తిరిగిపోతుంది. చిన్న వివరాలను మోసుకొచ్చేవి సరిగ్గా ఆ వాలుగా వచ్చే కిరణాలే. ఇమ్మర్షన్ ఆయిల్ వక్రీభవన గుణకం గాజుతో సమానంగా 1.515 ఉంటుంది, అందుకే కిరణాలకు గాజు ఎక్కడ అయిపోయిందో తెలియదు. దీని విలువ మలేరియా స్మియర్ (స్లైడు మీద పూసిన రక్తం) చూసే టెక్నీషియన్లకు తెలుసు. ఎర్ర రక్తకణం 7, 8 మైక్రాన్లుంటే ఫాల్సిపారం అనే మలేరియా క్రిమి తొలిదశలో ఉంగరంలా ఉండి అందులో ఐదో వంతు ఉంటుంది. 10ఎక్స్‌లో అది మహా అయితే ఒక చుక్క. ఆయిల్‌లో అయితే సన్నటి నీలి వలయం, దాని మీద ఎర్రటి బొట్టు, ఒక్కోసారి రెండు బొట్లు. మందపాటి స్మియర్‌లో కనీసం 100 ఫీల్డులు (ఒక్కో చూపులో కనిపించే మేరలు) వెతికాకే నెగెటివ్ అని రాయాలన్న నియమం కూడా అందుకే.

మలేరియా మాట వచ్చింది కాబట్టి సికింద్రాబాద్ గురించి చెప్పాలి. 1897 ఆగస్టు 20న బేగంపేటలో సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ ఒక దోమ పొట్ట గోడలో సుమారు 12 మైక్రాన్ల గుండ్రటి కణాలు చూశాడు. అవి మలేరియా క్రిమివేనని లోపలున్న నల్లటి రేణువులు పట్టిచ్చాయి. చెమటకు మైక్రోస్కోపు స్క్రూలు తుప్పు పట్టాయి, మిగిలిన ఒక్క ఐపీస్ పగిలి ఉంది. కోసిన దోమలు ఎగిరిపోతాయని పంకా కూడా వేయనిచ్చేవాడు కాదు. 1902లో నోబెల్ తెచ్చిన పని అది.

చూసేదాని సైజు కొలవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. ఐపీస్ మీద 10ఎక్స్/18 అని ఉంటే ఆ 18ని ఆబ్జెక్టివ్ అంకెతో భాగిస్తే చాలు. 10ఎక్స్‌లో కనిపించే మేర 1.8 మి.మీ., 40ఎక్స్‌లో 0.45 మి.మీ. 10ఎక్స్‌లో ఉల్లిపొర కణాలు ఈ అంచు నుంచి ఆ అంచుకు పొడవునా ఆరు పట్టాయంటే ఒక్కోటి 0.3 మి.మీ. ఉన్నట్టు.

కంటికి అడ్డొచ్చే మరక ఎక్కడుందో కూడా ఇలాగే తేలిగ్గా పట్టొచ్చు. ఐపీస్ తిప్పితే మరకా తిరిగిందా, ఐపీస్ మీద ఉంది. స్లైడు జరిపితే జరిగిందా, స్లైడు మీద. ఆబ్జెక్టివ్ మారిస్తే పోయిందా, ఆ ఆబ్జెక్టివ్ మీద. దేనికీ లొంగకపోతే కిందికి, కండెన్సర్ దగ్గరికి వెళ్లాలి. తుడవడానికి లెన్స్ పేపరే, చొక్కా అంచు పనికిరాదు. ఆయిల్ పని అయ్యాక 40ఎక్స్‌ను ఆ చుక్క మీదుగా తిప్పితే ఆయిల్ దాని మూతికి అంటుకుంటుంది, ఆపైన అందులో అంతా మబ్బే. వానాకాలంలో, ముఖ్యంగా కోస్తా ఊళ్లలో, మూసిన చెక్కపెట్టెలో వదిలేసిన లెన్సులకు బూజు పడుతుంది. పెట్టెలో సిలికా జెల్ పొట్లం వేసి, దాని రంగు మారినప్పుడల్లా వేడిచేసి ఆరబెడుతుండాలి. బూజు వేళ్లు గాజు పూతలోకి దిగాక ఎంత తుడిచినా లాభం లేదు.